కొలోసియం చూసేశాక ఎటు వెళ్లాలి?

పాఠకుల ప్రశ్నలకు రోమ్ నుంచి జవాబులు

కిందటి సంచికలో కొలోసియం, వాటికన్ టిక్కెట్ల సంగతి రాశాను. తర్వాత వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే ప్రశ్న: "అవి సరే, ఇంకేం ఉన్నాయి?" నేను ఈ ఊళ్లో ఎఫ్.ఏ.ఓ. (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) ఆఫీసులో పనిచేసి, రిటైరయ్యాక గార్బతెల్లా అనే పేటలోనే ఉండిపోయినదాన్ని. ఇంటికి చుట్టాలొచ్చినా, చుట్టాల చుట్టాలొచ్చినా నేను తిప్పే చోట్లే ఇవి. నచ్చనివి నచ్చలేదనే రాశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా అబ్బాయికి మ్యూనిక్‌లో ఉద్యోగం. అక్టోబరులో మేమిద్దరం వెళ్తున్నాం. అందులో నాలుగు రోజులు రోమ్‌కి. కొలోసియం, వాటికన్‌లకి రెండు రోజులు పోతే మిగతా రెండు రోజులూ ఏం చూడమంటారు? టూర్ వాళ్లని అడిగితే మళ్లీ ఆ ఫౌంటెన్లే చెబుతున్నారు. – ఒక గృహిణి, విజయవాడ

దూరం ఎక్కడికీ పోనక్కర్లేదమ్మా. కొలోసియం దగ్గర క్యూలో గంట నిలబడే జనం, బయటికొచ్చి అటువైపు ఐదారు నిమిషాలు నడిస్తే సాన్ క్లెమెంతె చర్చి వస్తుంది. నడవరు. మనకి అదే కలిసొచ్చేది.

బయటినుంచి చూస్తే ఏముంది, ఇంకో చర్చి అనిపిస్తుంది. లోపలికెళ్తే 12వ శతాబ్దపు చర్చి. పక్క గదిలో టిక్కెట్ తీసుకుని మెట్లు దిగితే, దాని కింద 4వ శతాబ్దపు చర్చి. ఇంకో అంతస్తు దిగితే రెండు వేల ఏళ్ల నాటి రోమన్ కట్టడాల గోడలు, మధ్యలో సన్నటి సందు, ఆ పక్కన మిత్ర దేవుడి గుడి. మన వేదాల్లో వినిపించే మిత్రుడి పేరే ఇది. పర్షియా వైపు నుంచి వచ్చి రోమన్ సైనికుల్లో బాగా పాకిన ఆరాధన. ఇరుకు గది, రెండు వైపులా రాతి అరుగులు, మధ్యలో ఎద్దును వధిస్తున్న దేవుడు చెక్కిన బలిపీఠం. ఆ అడుగు అంతస్తులో ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. పైన ఎండ మండిపోతున్నా అక్కడ చల్లగా, కాస్త తేమగా ఉంటుంది. శాలువా ఉంటే కప్పుకోండి. ఈ చర్చి 1677 నుంచి ఐర్లండ్ డొమినికన్ ఫాదర్ల చేతుల్లో ఉంది. వాళ్లలో జోసెఫ్ ముల్లూలీ అనే ఆయన 1857లో తవ్వకం మొదలుపెట్టాకే కిందవన్నీ ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

మధ్య అంతస్తులో ఒక గోడ బొమ్మ ఉంది, దాన్ని వదలొద్దు. 11వ శతాబ్దం చివరిది. సిసిన్నియుస్ అనే పెద్దమనిషికి క్లెమెంట్ పునీతుడి మీద కోపం. పట్టుకుని ఈడ్చుకురమ్మని పనివాళ్లని పురమాయిస్తాడు. మహిమ వల్ల వాళ్ల కళ్లకి ఒక రాతి స్తంభమే ఆయనలా కనిపిస్తుంది. దానికి తాళ్లు కట్టి లాగుతుంటారు, అది కదలదు. యజమానికి ఒళ్లు మండి పనివాళ్లని బూతులు తిడతాడు. ఆ తిట్లు గోడ మీదే రాసి ఉన్నాయి! పునీతుడి మాటలు మాత్రం శుద్ధమైన లాటిన్‌లో ఉంటాయి. యజమాని తిట్లు జనం మాట్లాడుకునే భాషలో ఉంటాయి. ఇటాలియన్ భాష రాతలో కనిపించిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. అది చర్చి గోడ మీద ఒక తిట్టు కావడం నాకు భలే నచ్చుతుంది.

పైకొచ్చాక బలిపీఠం వెనక, చిన్న చిన్న రంగు ముక్కలు పొదిగి చేసిన బంగారు మొజాయిక్ చూడండి. మధ్యలో శిలువ, దాని మీద పన్నెండు తెల్ల పావురాలు, చుట్టూ మెలికలు తిరిగిన తీగ. అందరూ తలెత్తి శిలువ చూసి వెళ్లిపోతారు. మీరు కిందికి, అంచు దగ్గరికి రండి. అక్కడ ఒకావిడ కోళ్లకి గింజలు వేస్తూ ఉంటుంది. 12వ శతాబ్దపు పల్లెటూరి పెరడు.

రెండోది సాంతా ప్రాస్సెదె. సాంతా మరియా మజ్జోరె అనే పెద్ద బసిలికా పక్క సందులో ఉంది. పెద్దదాని ముందు బస్సులు ఆగి ఉంటాయి. దీని తలుపు దగ్గర ఎవరూ ఉండరు, సైన్‌బోర్డు చూడకపోతే దాటిపోతారు కూడా. లోపల కుడివైపు జేనో చాపెల్ అనే చిన్న గది ఉంది. మన ఇళ్లల్లో పూజగది కన్నా ఓ మూడింతలు ఉంటుందేమో. గోడలూ కప్పూ నేసినట్టు మొజాయిక్‌లే. 9వ శతాబ్దంలో పాస్కల్ అనే పోప్ కట్టించాడు. చీకటిగా ఉంటుంది. పెట్టెలో నాణెం వేస్తే లైటు వెలుగుతుంది, కాసేపటికి టక్కున ఆరిపోతుంది. చిల్లర పెట్టుకుని వెళ్లండి. లైటు వెలిగినప్పుడు ముసుగేసుకున్న ఒకావిడ తల వెనక చూడండి. మిగతావాళ్లకి గుండ్రటి కాంతి చక్రం ఉంటే, ఆవిడకి చదరంగా ఉంటుంది. చదరంగా ఉంటే, బొమ్మ వేసే నాటికి ఆ మనిషి బతికే ఉన్నారని గుర్తు. ఆవిడ పోప్ గారి తల్లి, థియొడోరా. కొడుకు కట్టించిన గుడిలో అమ్మ బొమ్మ!

ఒక్క మాట మరిచిపోకండి. ఇక్కడ చిన్న చర్చిలు చాలామటుకు మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో మూసేసి, మళ్లీ మూడు దాటాక తెరుస్తారు. "బ్రేక్‌ఫాస్ట్ చేసి, తీరిగ్గా బయల్దేరి" అనుకుంటే మూసిన తలుపులే చూస్తారు. పొద్దున్నే చర్చిలు, మధ్యాహ్నం మ్యూజియంలు, సాయంత్రం పార్కులు, కొండలు. రోజు ఇలా పంచుకుంటే చాలు, టూర్ వాళ్లతో పనిలేదు.

ప్రశ్న: మాకు ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. రోమ్‌లో అంతా నడకే అంటున్నారు, టెన్షన్‌గా ఉంది. కూర్చుని చూసేవి ఏమైనా ఉన్నాయా? – రిటైర్డ్ టీచర్, తెనాలి

నడక కన్నా ఇబ్బంది ఇక్కడి రోడ్డుతోనే మాస్టారూ. పాత పేటల్లో వీధులన్నీ నల్లటి చిన్న చిన్న రాళ్లు పరిచినవి. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. వాన పడితే జారుడు. అడుగు మందంగా ఉన్న బూట్లు కొనుక్కోండి, చెప్పులు వద్దు. సాన్ క్లెమెంతె కింది అంతస్తులు మీకు వద్దు, పై చర్చి చాలు.

మీకు నేను చెప్పేది అవెంతీన్ కొండ. మెట్రో చిర్కొ మాస్సిమొ స్టేషన్ దగ్గరే, మా పాత ఆఫీసు వెనక వైపు. టాక్సీలో పైదాకా వెళ్లి దిగిపోండి, కిందికి వచ్చేటప్పుడు మెల్లగా నడవొచ్చు. పైన నారింజ తోట ఉంది. బెంచీ మీద కూర్చుంటే టైబర్ నది, దాని అవతల సెయింట్ పీటర్స్ డోమ్ కనిపిస్తాయి. ఆ పక్కనే సాంతా సబీనా చర్చి, 5వ శతాబ్దానిది. లోపల బంగారం, బొమ్మల హడావుడి లేదు. ఎత్తైన స్తంభాలు, వెలుతురు, నిశ్శబ్దం, అంతే. వాకిట్లో ఉన్న, సైప్రస్ చెట్టు చెక్కతో చేసిన తలుపు కూడా ఆ కాలందే. క్రీస్తును శిలువ మీద చూపించిన అతి పాత శిల్పాల్లో ఒకటి ఆ తలుపు మీద, ఎడమవైపు పైమూలన ఉంది. చిన్న పలక. ముగ్గురు మనుషులు చేతులు చాచి నిలబడినట్టుంటారు, శిలువ కనిపించీ కనిపించనట్టు ఉంటుంది.

మే నెలలో వస్తే అదే కొండ వాలున గులాబీ తోట తెరిచి ఉంటుంది, టిక్కెట్ లేదు. 17వ శతాబ్దం నుంచి అది యూదుల శ్మశానం. తర్వాత సమాధుల్ని వేరేచోటికి తరలించారు. తోట వేసినప్పుడు ఆ సంగతి మరుగున పడకుండా దారుల్ని యూదుల ఏడు కొమ్మల దీపస్తంభం ఆకారంలో వేశారు. పైనుంచి చూస్తే తెలుస్తుంది.

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్‌లో రోమ్ 'సీక్రెట్ స్పాట్స్' అని తాళపు రంధ్రం, అద్దంలో కనిపించే చర్చి కప్పు, కొప్పెదె బిల్డింగులు వస్తున్నాయి. వెళ్లొచ్చా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

సీక్రెట్టా! వాటి ముందు క్యూ చూస్తే మీకే నవ్వొస్తుంది.

తాళపు రంధ్రం అంటే పైన చెప్పిన అవెంతీన్ కొండ మీదే, మాల్టా నైట్లు అనే పాత క్యాథలిక్ సంఘం వాళ్ల భవనం గేటుది. అందులోంచి చూస్తే కత్తిరించిన పొదల మధ్య సరిగ్గా సెయింట్ పీటర్స్ డోమ్ కనిపిస్తుంది. బాగుంటుంది, కాదనను. కానీ అరగంట నిలబడి అర నిమిషం చూడటం, వెనకవాళ్లు గొణగడం… తెల్లారి ఏడింటికి వెళ్లగలిగితే వెళ్లండి, లేకపోతే వదిలేయండి.

అద్దం ఉన్నది సాంత్ ఇన్యాత్సియొ చర్చిలో. అక్కడ అందరూ అద్దం ముందు క్యూ కట్టి సెల్ఫీ తీసుకుని పోతారు. అసలు తమాషా క్యూలో లేదు. అసలక్కడ డోమే లేదు. డబ్బు చాలక కట్టలేదంటారు. 1685లో అంద్రేయా పొద్జో అనే ఆయన బట్ట మీద డోమ్ బొమ్మ వేసి అక్కడ బిగించాడు. నేల మీద గుండ్రటి గుర్తు ఉంటుంది. దాని మీద నిలబడి పైకి చూస్తే నిజం డోమే. అక్కడినుంచి బలిపీఠం వైపు నడుస్తూ పైకే చూస్తూ ఉండండి. డోమ్ వంకరపోతుంది, సాగుతుంది, చివరికి చదునైన నల్లటి బట్టయి కూర్చుంటుంది. పైసా ఖర్చు లేదు, క్యూ లేదు.

కొప్పెదె మాత్రం తప్పకుండా వెళ్లండి. జీనో కొప్పెదె అనే ఆర్కిటెక్ట్ గత శతాబ్దపు తొలి దశకాల్లో కట్టిన కొద్దిపాటి ఇళ్ల సముదాయం అది. వీధి మీద పెద్ద కమాను, దాని కింద వేలాడే ఇనప షాండ్లియర్, మధ్యలో కప్పల ఫౌంటెన్, గోడల మీద సాలీడు బొమ్మ. చూడటానికి అరగంట చాలు. అవి జనం కాపురముంటున్న ఇళ్లు, గేట్లు ఎక్కి ఫోటోలు తీయకండి.

ఇలాంటి కంటి మోసాలు మీకు ఇష్టమైతే స్పాదా ప్యాలెస్‌కి వెళ్లండి. కాంపొ దె ఫియోరి సంత పక్కనే. బొర్రొమీని అనే ఆయన 17వ శతాబ్దంలో కట్టిన స్తంభాల నడవ ఒకటి ఉంది. ముప్పై మీటర్లకి పైనే ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి తొమ్మిది మీటర్లు కూడా ఉండదు. స్తంభాలు లోపలికి పోయేకొద్దీ పొట్టివవుతాయి, నేల పైకి లేస్తుంది. చివర నిలువెత్తు విగ్రహంలా కనిపించేది, దగ్గరికెళ్తే మన నడుం ఎత్తు కూడా రాదు.

ప్రశ్న: మ్యూజియం టిక్కెట్లకే బోలెడు అవుతోంది. పెద్ద చిత్రకారుల బొమ్మలు టిక్కెట్ లేకుండా చూసే వీలుందా? – డ్రాయింగ్ మాస్టారు, తిరుపతి

ఉంది. కరవాజ్జొ బొమ్మలు ఆరు, మూడు చర్చిల్లో, ఉచితంగా. నవోనా చౌరస్తా దగ్గర సాన్ లుయీజి దెయి ఫ్రాంచేజిలో మూడు, పోపొలొ చౌరస్తా పక్క చర్చిలో రెండు, నవోనాకే దగ్గర్లో సాంత్ అగొస్తీనొలో ఒకటి. మొదటిదాంట్లో జనం ఉంటారు. చివరిదాంట్లో తక్కువ. నేను మిమ్మల్ని పంపేది అక్కడికే.

బొమ్మలో ఏముందంటే, మేరీమాత బిడ్డనెత్తుకుని ఓ మామూలు ఇంటి గడపలో నిలబడి ఉంటుంది. ఎదురుగా ఇద్దరు ముసలి యాత్రికులు మోకాళ్ల మీద కూర్చుని దండం పెడుతుంటారు. వాళ్ల వీపులు మనవైపు. అన్నిటికన్నా మనకి దగ్గరగా, సరిగ్గా కంటి ఎదుటే, ఆ మగమనిషి అరికాళ్లు. దుమ్ము కొట్టుకుపోయి, నల్లబడి, ఉబ్బిపోయి. 1600ల మొదట్లో దీన్ని చూసి పెద్దలు కొందరు ముఖం చిట్లించారు, దేవుడి దగ్గర ఆ మురికి కాళ్లేమిటని. మీరు అలిపిరి మెట్ల ఊరివారు. ఆ కాళ్లు ఎన్ని మైళ్లు నడిచాయో మీకు ఒకరు చెప్పక్కర్లేదు.

అదే దారిలో కాస్త డబ్బు పెట్టగలిగితే దోరియా పాంఫిలి గ్యాలరీ ఉంది. ఇప్పటికీ ఆ కుటుంబం వారిదే. వెలాస్కెస్ 1650లో వేసిన పదో ఇన్నోసెంట్ పోప్ బొమ్మ ఒక్కటీ విడిగా చిన్న గదిలో ఉంటుంది. పోప్ గారు అది చూసి "మరీ నిజంగా ఉంది" అన్నారని చెబుతారు. ఆ చూపు చూస్తే ఎందుకన్నారో తెలుస్తుంది.

ప్రశ్న: ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతున్నాను. కీట్స్ సమాధి రోమ్‌లో ఉందని చదివాను. ఒక పూట అటు వెళ్తే ఇంకేం చూడొచ్చు? – విద్యార్థిని, గుంటూరు

ఒక పూట కాదు, ఒక రోజు పెట్టుకో అమ్మాయీ. రోమ్‌లో నాకు బాగా ఇష్టమైన పేట అదే. మెట్రో 'బి' లైన్‌లో పిరామిదె స్టేషన్‌లో దిగు. ఎదురుగా నిజంగానే పిరమిడ్ ఉంటుంది. గైయుస్ చెస్తియుస్ అనే అధికారి సమాధి. క్రీస్తుకు పూర్వం 18–12 మధ్య కట్టింది, ఎత్తు 36 మీటర్లు. 330 రోజుల్లో కట్టేశామని దాని మీదే రాసుకున్నారు. అప్పట్లో రోమ్‌లో ఈజిప్టు మోజు అలా ఉండేది.

దాని వెనకే క్యాథలిక్కులు కానివాళ్ల శ్మశానం. గేటు దగ్గర చందా డబ్బా ఉంటుంది, ఎంతో కొంత వేయాలి. లోపలికెళ్లి ఎడమకి తిరిగితే పిరమిడ్ నీడలో పచ్చిక, చెట్లు, అక్కడక్కడ సమాధులు. కీట్స్‌ది ఓ మూలన ఉంటుంది. 1821 ఫిబ్రవరిలో క్షయతో పోయాడు, ఇరవై ఐదేళ్లు. రాయి మీద తీగలు సగం తెగిన వీణలాంటి వాద్యం చెక్కి ఉంటుంది. పేరు మాత్రం ఉండదు. ఒక ఇంగ్లీషు యువకవి అని రాసి, చివర్లో ఆయన కోరుకున్న వాక్యం: నీటి మీద పేరు రాసుకున్నవాడు ఇక్కడ పడుకున్నాడు అని. పక్కనే ఆయన్ని చివరిదాకా కనిపెట్టుకుని ఉన్న స్నేహితుడు, చిత్రకారుడు జోసెఫ్ సెవెర్న్ సమాధి. దాని మీద రంగుల పలక బొమ్మ ఉంటుంది.

షెల్లీ సమాధి అవతలి భాగంలో, పైన పాత గోడ దగ్గర. 1822లో సముద్రంలో మునిగిపోయాడు కదా, ఆ అస్థికలు. అటు వెళ్తూ జర్మన్ మహాకవి గొయ్‌థె కొడుకు సమాధి కూడా చూడు. దాని మీదా పేరు లేదు, 'గొయ్‌థె కుమారుడు' అని ఉంటుంది. ఒకాయన తన పేరు తానే వద్దనుకున్నాడు, ఇంకొకాయనకి నాన్న పేరే మిగిలింది. ఇద్దర్నీ ఒకే రోజు చూసిన నా మేనకోడలు, రెండోదే ఎక్కువ బాధగా ఉందత్తా అంది. నాకూ అంతే. ఇంకా ఇటలీ కమ్యూనిస్టు నాయకుడు గ్రాంషీ అస్థికలూ ఇక్కడే, వామపక్షాల వాళ్లు వెతుక్కుంటూ వచ్చి పూలు పెట్టి పోతారు.

అక్కడినుంచి పది నిమిషాలు నడిస్తే తెస్తాచ్చొ. ఆ పేటలో ఒక కొండ ఉంది. చెట్లూ గడ్డీ మొలిచి మామూలు దిబ్బలాగే కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే అంతా కుండ పెంకులు! ముప్పై అయిదు మీటర్ల ఎత్తు, చుట్టుకొలత దగ్గర దగ్గర కిలోమీటరు. అయిదు కోట్ల జాడీల పైచిలుకు అని అంచనా. పక్కనే టైబర్ మీద రేవు ఉండేది. స్పెయిన్ నుంచి, ఆఫ్రికా నుంచి ఆలివ్ నూనె పెద్ద పెద్ద మట్టి జాడీల్లో వచ్చేది. ఒక్కోదాంట్లో డెబ్బై కిలోల దాకా పట్టేది. నూనె పీల్చుకున్న మట్టి కొన్నాళ్లకి కంపు కొడుతుంది, ఆ జాడీ మళ్లీ వాడటానికి పనికిరాదు. అందుకని పగలగొట్టి ఇక్కడ పేర్చేవాళ్లు. పారేయడం కాదు, వరసలుగా, మెట్లు మెట్లుగా పేర్చి, వాసన రాకుండా మధ్యమధ్య సున్నం చల్లేవాళ్లు. దాదాపు మూడు వందల ఏళ్లు ఇదే పని. కొన్ని పెంకుల మీద సిరాతో రాసిన బరువు, వ్యాపారి పేరు, సంవత్సరం ఇప్పటికీ చదవొచ్చు. రోమన్ సామ్రాజ్యం నూనె లెక్కలు చరిత్రకారులకి ఈ చెత్తకుప్పలోంచే దొరికాయి.

కొండ పైకి వెళ్లాలంటే ముందుగా గైడ్‌తో బుక్ చేసుకోవాలి. కుదరకపోతే కింద చుట్టూ ఉన్న హోటళ్లలో ఏదో ఒకదాంట్లో కాఫీ తాగు. కొండని తొలిచి కట్టినవి కాబట్టి కొన్నిటిలో వెనక గోడకి అద్దం బిగించి ఉంటుంది. అద్దం వెనక పెంకులు, పేర్చినవి పేర్చినట్టే.

ప్రశ్న: రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. విగ్రహాలు, చర్చిలు నాకు ఎక్కవు. యంత్రాలేమైనా ఉన్నాయా? – కాజీపేట పాఠకుడు

మీకోసమే ఒకటుందండీ. కాకపోతే విగ్రహాలు తప్పవు. ఓస్తియెన్సె రోడ్డులో చెంత్రాలె మొంతెమర్తీని. 1912లో మొదలైన పాత కరెంటు ఉత్పత్తి కేంద్రం, 1963లో మూతపడింది. 1997లో నగరం మ్యూజియంలో రిపేర్లు జరుగుతుంటే రోమన్ విగ్రహాల్ని తాత్కాలికంగా ఇక్కడికి తెచ్చారు. జనానికి నచ్చేసి ఉంచేశారు. యంత్రాలేవీ తీయలేదు. నల్లటి డీజిల్ ఇంజిన్ ముందు తెల్లటి పాలరాతి దేవత, బాయిలర్ పక్కన చక్రవర్తి తల. మీరు ఇంజిన్ చూడండి, మేడమ్ గారు విగ్రహాలు చూస్తారు. తొమ్మిదో పియుస్ పోప్ ప్రయాణం చేసిన 19వ శతాబ్దపు రైలు బోగీలు మూడు కూడా అక్కడే పెట్టారు. సోమవారం సెలవు. ఎప్పుడు వెళ్లినా ఖాళీగానే ఉంటుంది. ఎందుకో నాకర్థం కాదు.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. రోమ్‌లో పిజ్జా తప్ప గతి లేదా? ఇంటినుంచి ఏమేం తెచ్చుకోవచ్చు? – రాజమండ్రి పాఠకురాలు

పిజ్జాని చిన్నచూపు చూడకండి. ఇక్కడ పెద్ద పెద్ద దీర్ఘచతురస్రపు పళ్లాల్లో కాల్చి, మీరు ఎంత చూపిస్తే అంత కత్తెరతో కత్తిరించి తూకం వేసి ఇస్తారు. బంగాళాదుంప పిజ్జా అడగండి. చికోరియా అని చేదు ఆకుకూర ఉంటుంది. వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి నూనెలో వేయిస్తారు, బ్రెడ్డుతో తింటే మన నోటికి హాయిగా ఉంటుంది. యూదుల పేటలో ఆర్టిచోక్ పువ్వుని రెక్కలు విప్పి నిండు నూనెలో కరకరలాడేలా వేయిస్తారు. అదొక్కటీ తినకుండా రావద్దు. చలికాలం, వసంతం దాని సీజన్.

జాగ్రత్తలు రెండు. సుప్ప్లీ అనే అన్నం బోండాలు చూడగానే కొనాలనిపిస్తుంది, లోపల మాంసం కలిపిన సాస్ ఉంటుంది. రోమ్ జున్ను పెకొరీనో గొర్రె పాలతో చేసేదే కానీ, పాలు విరగడానికి గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు. అంత నిష్ఠ ఉన్నవాళ్లకి, ఆ జున్ను వేసి చేసే ఇక్కడి మిరియాల పాస్తా పనికిరాదు. తెస్తాచ్చొ పేట హోటళ్లలో మరీ జాగ్రత్త. అక్కడ పాత కబేళా ఉండేది, పనివాళ్లు ఇంటికి తెచ్చుకునే పేగులు, తోక, బోటీయే ఆ పేట వంట. అవి కూడా ఆవువి, దూడవి. మాంసం తినేవాళ్లూ అడిగి తినండి.

మిరియాల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మన దేశం సరుకుల కోసం ఏటా అయిదు కోట్ల సెస్టెర్సులు (అప్పటి రోమన్ నాణేలు) పోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ రెండు వేల ఏళ్ల కిందట ఏడ్చాడు. ఆ కాలపు రోమన్ నాణేలు మన నల్గొండ జిల్లాలో కూడా దొరికాయి. ఆ డబ్బులో కొంత మనవైపు చేరిందన్నమాట.

ఇంటినుంచి ఆవకాయ, కందిపొడి తెచ్చుకోండి. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి వద్దు. బయటి దేశాలనుంచి పాల వస్తువులు, మాంసం వస్తువులు యూరప్‌లోకి తేకూడదు, పట్టుకుంటే పారేయిస్తారు. ఎక్కువ రోజులుండి వండుకునేవాళ్లు విత్తోరియొ చౌరస్తా దగ్గర ఎస్క్విలీనొ మార్కెట్‌కి వెళ్లండి. బెండకాయలు, పచ్చిమిర్చి, కొత్తిమీర, పప్పులు అన్నీ దొరుకుతాయి. అమ్మేవాళ్లలో బంగ్లాదేశ్ వాళ్లు చాలామంది, హిందీ చెల్లుతుంది.

ప్రశ్న: పిల్లలిద్దరు, ఏడేళ్లు, పదేళ్లు. చర్చిలంటే పారిపోతారు. ఏం చేయమంటారు? – నెల్లూరు

ఓస్తియా అంతీకా తీసుకెళ్లండి. పిరామిదె మెట్రో పక్కనున్న పోర్తా సాన్ పావొలొ స్టేషన్‌లో రైలెక్కితే అరగంట, మామూలు సిటీ టిక్కెట్టే. రోమన్ల కాలంలో రోమ్‌కి రేవు పట్నం అది, ఇప్పుడు శిథిలాలు. పాంపేయి దాకా వెళ్లలేనివాళ్లకి ఇది చాలు, నన్నడిగితే జనం తక్కువ కాబట్టి ఇదే మేలు. వీధులు, గాడిదలు తిప్పిన తిరగళ్లు, గోడ మీద పదార్థాల బొమ్మలు వేసిన హోటల్ కౌంటరు అన్నీ ఉన్నాయి. వ్యాపారుల చౌకులో నేల మీద నలుపు తెలుపు మొజాయిక్‌లు. ఓడ, చేప, ఏనుగు ఇలా ఏ కొట్టుకి ఆ కొట్టు బొమ్మ. పిల్లలకి బాగా నచ్చేది మాత్రం వరసగా బొక్కలు పెట్టిన పాలరాతి మరుగుదొడ్డి. పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లట. రోమన్ చాకలివాళ్లు బట్టలు ఉతకడానికి మూత్రం వాడేవాళ్లని కూడా చెప్పండి, ఆ రోజంతా మీకు ఇంకేం చెప్పే పని ఉండదు.

సాయంత్రం ఖాళీ ఉంటే మెట్రో 'ఎ' లైన్‌లో జూలియొ అగ్రీకొలా దగ్గర దిగి అక్విడక్ట్ పార్కుకి వెళ్లండి. క్రీస్తుశకం 52లో పూర్తయిన క్లాడియుస్ కాలువ కమానులు పొలాల మధ్య బారులు తీరి ఉంటాయి. పంపులు లేవు, కరెంటు లేదు, వాలు మీదే నీళ్లు కొండలనుంచి ఊళ్లోకి వచ్చేవి. అక్కడ ఎవరూ టిక్కెట్ అడగరు, బంతాట ఆడుకోవచ్చు.

నీళ్ల బాటిళ్లు కొనకండి. వీధుల్లో 'నజోనె' అనే ఇనప కొళాయిలు రెండున్నర వేల దాకా ఉన్నాయి, నీళ్లు మంచివే. వంగి తాగక్కర్లేదు. కింద ధార వచ్చే చోట వేలు అడ్డం పెడితే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి. పిల్లలకి ఒకసారి చూపిస్తే చాలు, తర్వాత మీ బట్టలు మీరే చూసుకోవాలి.

ప్రశ్న: దొంగతనాలు ఎక్కువటగా? – విశాఖపట్నం

జేబుదొంగలు ఉన్నారు, చేయి చేసుకునేవాళ్లు కారు. టెర్మిని రైల్వేస్టేషన్ నుంచి వాటికన్ వెళ్లే 64 నంబరు బస్సు, మెట్రో 'ఎ' లైను రద్దీ. ఈ రెండు చోట్లా బ్యాగు ముందుకి వేసుకోండి, ఫోను వెనక జేబులో పెట్టకండి. నేను పైన చెప్పిన చోట్లలో చాలావాటిలో దొంగకి గిట్టుబాటయ్యేంత జనం ఉండరు.

ప్రశ్న: డాలస్ నుంచి హైదరాబాద్ వెళ్తూ రోమ్‌లో తొమ్మిది గంటలు ఆగాలి. వీసా ఉంది. బయటికెళ్లి రావచ్చా? – డాలస్ పాఠకుడు

రావచ్చు. అందరూ చేసినట్టు టెర్మిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి కొలోసియం బయటినుంచి చూసి రావద్దు. ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్టులోంచే ఎఫ్.ఎల్.1 అనే లోకల్ రైలు ఉంది, టిక్కెట్ కూడా తక్కువ. అది టెర్మినికి పోదు, ఓస్తియెన్సె స్టేషన్‌లో ఆగుతుంది. అక్కడ దిగితే పిరమిడ్, కీట్స్ సమాధి, కుండపెంకుల కొండ, తెస్తాచ్చొ మార్కెట్ అన్నీ నడిచే దూరమే. మార్కెట్ మధ్యాహ్నానికి మూతపడుతుంది, ఆదివారం ఉండదు. మీరు దిగేది పొద్దున అయితే ముందు అక్కడికే వెళ్లి తినండి, తర్వాత శ్మశానం. పెద్ద సూట్‌కేసులు నేరుగా హైదరాబాద్‌కి చెకిన్ అయ్యాయో లేదో డాలస్‌లోనే అడిగి పెట్టుకోండి. తిరుగు రైలు విమానానికి మూడున్నర గంటల ముందు ఎక్కేలా చూసుకోండి. పాస్‌పోర్ట్ క్యూ ఒక్కోరోజు చాంతాడంత ఉంటుంది.